పట్టీ లేని గుడారం

ఆసుపత్రి క్వార్టర్లు, మూడో అంతస్తు
ఏప్రిల్ 9

వదినా,

ఫోన్ చేయకుండా ఈ ఉత్తరమేమిటని విసుక్కోకు. ఈ గదిన్నర ఇంట్లో నేను ఫోన్ తీస్తే చాలు, అమ్మ మంచం మీద నుంచే చెవులు రిక్కిస్తుంది. నేను "ఊఁ" అన్నానంటే అవతలివాళ్లు ఏమన్నారో తనే ఊహించుకుని రెండు రోజులు నా ప్రాణం తీస్తుంది. నీ ఫోన్ చూస్తే పగలంతా ఫ్యాక్టరీ గేటు దగ్గర పెట్టెలో ఉంటుంది. అందుకే కాగితం పట్టుకున్నాను.

విషయానికి వస్తాను. గీతలాయన అడిగాడు. అదే, నడిచేవాళ్లు దారి తప్పకుండా కొండదారుల్లో రాళ్ల మీద తెల్లరంగు గీతలు వేసే ఉద్యోగం చేస్తాడని చెప్పానే, మణికట్టు విరిగి వచ్చి, కట్టు విప్పేదాకా క్యాంటీన్‌లో రోజూ నా ఎదురు కుర్చీలోనే కూర్చున్న మనిషి. నలభై రెండేళ్లు వచ్చాక నన్ను ఇంకెవరో అడుగుతారని నేను అనుకోలేదు. కానీ ఎలా అడిగాడో విను. "నాతో నాలుగు రోజులు కొండ మీద నడవండి. మూడు రాత్రులు గుడారంలో పడుకోండి. నా బతుకులో సగం అదే. అసహ్యం వేస్తే పెళ్లికి ముందే తెలియడం మంచిది కదా" అన్నాడు.

గుడారమట! నేనెవరో ఆయనకింకా తెలియదు. రోజుకు నాలుగు వందల కత్తులూ కత్తెరలూ ఆవిరిలో ఉడికించి, ఒక్క క్రిమి మిగలకుండా మూటలు కట్టేదాన్ని. బస్సులో కమ్మీ పట్టుకోవాల్సి వస్తే చేతిరుమాలు చుట్టి పట్టుకుంటాను. అలాంటిదాన్ని నేల మీద పడుకోమంటాడు. దోసెడు నీళ్లతో ముఖం కడుక్కోవాలట. పొదల చాటుకు వెళ్లేటప్పుడు చిన్న తాపీ పట్టుకెళ్లి గుంట తవ్వుకోవాలట! ఆ మాట వింటున్నంతసేపూ నా ఒళ్లంతా పురుగులు పాకినట్లైంది. ఆఖరికి "వస్తాను" అన్నాను. ఎందుకన్నానో నన్నడక్కు.

తన దగ్గర రెండో గుడారం ఉంది, ఇస్తానన్నాడు. దానిలో ఎంతమంది చెమట ఇంకిందోనని వద్దనేశాను. మీ ఫ్యాక్టరీలో చవకగా చిన్న గుడారాలు చేస్తారుగా, ఎవరూ పడుకోనిది ఒకటి నాకు పంపు.

ఇక అసలు సంగతి. ఇది కుదిరితే అమ్మ మాటేమిటి? ఆయన ఇల్లు కొండ మొదట్లో ఉంది, రోడ్డు నుంచి ముప్ఫై రాతిమెట్లు ఎక్కాలి. ఇక్కడంటే లిఫ్టుంది. తుంటి ఎముక విరిగాక అమ్మ మూడు మెట్లు కూడా ఎక్కలేదు. కాబట్టి అమ్మ మీ దగ్గరికి రావాలి. అన్నయ్యను అడిగితే వెంటనే సరేనన్నాడు. వాడు సరేననడం సులువే, చేయాల్సింది నువ్వు. అందుకే నిన్ను విడిగా అడుగుతున్నాను. నీకు ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పు, వేరే దారి చూసుకుంటాం. నేనేమీ అనుకోను, ఒట్టు.

నీ మరదలు

*

ఫ్యాక్టరీ కాలనీ
ఏప్రిల్ 15

మా ఆడపడుచుగారికి,

నువ్వు గుంట తవ్వుకుంటున్న దృశ్యం తలుచుకుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను. మీ అన్నయ్య వచ్చి ఏమైందన్నాడు. చెప్పలేదులే.

గుడారాల గురించి నన్ను అడగడం మంచిదైంది. పదకొండేళ్లుగా కుట్లు చూడడమే నా పని. చవకది అనగానే అందరూ మూతి విరుస్తారు గానీ, ఒక్క మనిషి పడుకునే చిన్న గుడారానికి పెద్ద హంగులు అక్కర్లేదు. గుడ్డ పలచగా ఉంటుంది, కడ్డీలు సన్నగా ఉంటాయి, మేకులు రాయి తగిలితే వంగిపోతాయి. అవి సర్దుకోవచ్చు. గుడ్డకు గుడ్డ కలిపి కుట్టిన చోట సూది రంధ్రాలుంటాయి చూడు, వాటి మీద లోపలివైపు వేడిచేసి పట్టీ అంటిస్తాం. ఆ పట్టీ సరిగా ఉంటే చవక గుడారమైనా నీళ్లు దిగవు. అది లేకపోతే ఖరీదైనదైనా జల్లెడే. పల్లంలో వేయకు. కింద ఒక ప్లాస్టిక్ పట్టా పరుచు, దాని అంచు గుడారం బయటికి రానీయకు, వస్తే వాన నీరంతా నీ కిందికే చేరుతుంది.

ఇక్కడి సంగతులు కొత్తగా ఏమున్నాయి? జిగురు వాసన. జుట్టులో, అన్నంలో, దిండు మీద అదే. కొత్తగా వచ్చిన సూపర్‌వైజరు మా వెనకాల నిలబడి ముక్కు గెలుక్కుంటూ అదే వేలితో "ఇది పాస్, ఇది పాస్" అని చూపిస్తాడు. వాడి వేలు తగిలిన గుడ్డను నేను చిటికెన వేలితో జరుపుతాను. సెలవు అడిగితే కుక్కను కసిరినట్లు కసురుతాడు. లేకపోతే ఆ నాలుగు రోజులు నేనే వచ్చి అత్తయ్యగారి దగ్గర ఉండేదాన్ని. మీ కింది అంతస్తు ఆయాను బతిమాలుకో.

అత్తయ్యగారి గురించి అలా అడగవచ్చా? ఇష్టం లేకపోవడమేమిటి? ఆవిడ వస్తే నాకు తోడు. నువ్వు నిశ్చింతగా వెళ్లు.

గుడారం ఈ వారంలోనే పంపుతాను. లోపల మూలన నా నంబరు చీటీ ఉంటుంది, నలభై ఒకటి. అది చూశాక ఇంక వేరే పరీక్షలేమీ పెట్టుకోకు.

మీ వదిన

*

ఆసుపత్రి క్వార్టర్లు
ఏప్రిల్ 28

వదినా,

గుడారం అందింది. సంచి విప్పగానే గుప్పుమన్న ఆ వాసనకు నాకు కళ్లమ్మట నీళ్లొచ్చాయి. పదకొండేళ్లు దీన్ని ఎలా పీలుస్తున్నావే తల్లీ! కిటికీలన్నీ తీసి, మంచం గోడకు జరిపి, ఇంట్లోనే వేసి చూశాను. రెండు కడ్డీలూ దూర్చేసరికి ముప్పావుగంట పట్టింది. ఒక కడ్డీ చివర జారి అమ్మ మందుసీసాల మీద పడింది.

అమ్మ మంచం మీద పడుకుని అంతా చూసి, "ఇందులో మనిషి పడుకుంటుందా? పిల్లి ఈనడానికి బాగుంటుంది" అంది. తర్వాత, "ఆ గీతలవాడికి ఇల్లు లేదా?" అంది. అంటే మొత్తం తెలుసన్నమాట! ఇన్నాళ్లూ నేను గుసగుసలాడింది దండగ.

"నేను ఒప్పుకుంటే నిన్ను వదిన దగ్గరికి పంపాలమ్మా" అన్నాను. ఏడుస్తుందేమోనని భయపడుతూనే అన్నాను. "పంపు. నీ చేతిలో ఆసుపత్రి సరుకులా బతకడం కంటే అదే నయం. రోజుకు రెండుసార్లు నన్ను ఉడికించడం ఒక్కటే తక్కువ" అంది. అలా ఉంటుంది మీ అత్తగారి నోరు.

లోపల మూలన నీ నంబరు చూశాను. గీతలాయన మాత్రం కొత్త గుడారాన్ని ఒకసారి కుళాయి నీళ్ల కింద తడిపి చూడమన్నాడు. నేను ఒప్పుకోలేదు. మా విభాగంలో మొదటి రోజే నేర్పే పాఠం ఒకటుంది. సంతకం లేని మూటను విప్పకూడదు, సంతకం ఉన్న మూటను అనుమానించకూడదు. నేను కట్టిన మూట మీద నా సంతకం చూసి డాక్టరు పొట్ట కోస్తాడు. అక్కడ నిలబడి మళ్లీ ఉడికిస్తానంటే పని నడుస్తుందా? "మా వదిన చూసి చీటీ వేసింది, అంతే" అని ఆయనకు చెప్పాను. ఆయనకు నవ్వొచ్చింది.

ఆయా ఒప్పుకుంది. మే తొమ్మిదిన బయలుదేరుతున్నాం. నాలుగు సబ్బులు, మూడు సీసాల డెట్టాలు, పన్నెండు జతల చేతితొడుగులు సర్దాను. ఆయన సంచి ఎత్తి చూసి, అందులో సగం తీసేయమన్నాడు. నేను ఒక్క సబ్బు తీశాను.

నీ మరదలు

*

ఫ్యాక్టరీ కాలనీ
మే 4

అమ్మాయ్,

హడావుడిగా రాస్తున్నాను. వాతావరణం బాగుండదంటున్నారు. వాన వచ్చేటట్లుంటే ప్రయాణం మానుకో. మొండికేసి వెళ్లి తీరాలని ఏముంది? వెళ్లినా ఆయన రెండో గుడారం కూడా పట్టుకెళ్లమను. కొత్తవి ఒక్కోసారి ఎలా ఉంటాయో చెప్పలేం. నీకు అసహ్యం వేస్తే రెండో రోజే దిగి వచ్చేయి, ఎవరూ ఏమీ అనరు.

అత్తయ్యగారు నిజంగానే అలా అన్నారా, నా దగ్గరికి రావడమే నయమని?

వదిన

*

ఆసుపత్రి క్వార్టర్లు
మే 16

వదినా,

బతికే ఉన్నాను. మూడుసార్లు తలంటుకున్నా ఇంకా జుట్టులోంచి బురద వాసన వస్తోంది.

మొదటి రోజు సంగతే చెప్పాలంటే సిగ్గేస్తోంది. ఎనిమిది గంటల నడక. మేజోళ్లు విప్పితే, ఆ కాళ్లు నావేనా అనిపించింది. ఆ వాసనతోనే గుడారంలోకి దూరి జిప్పు వేసుకుంటే, ఊపిరంతా పైన గుడ్డకు ఆవిరిగా పట్టి, తెల్లారేసరికి బొట్లు బొట్లుగా నా ముఖం మీదే కారింది. నా ఊపిరి చెమటే నా నోట్లో పడింది! పొద్దున పళ్లు తోముకుందామని బ్రష్ తీస్తే దాని మీద నత్త. గుల్ల లేని రకం, బొటనవేలంత ఉంది. నేనరిచిన అరుపుకు అవతలి కొండ మీద గొర్రెలు తల ఎత్తి చూశాయి. తాపీ వ్యవహారం మాత్రం రాయను. ఆ గుంట సంగతి నాతోనే పోతుంది.

రెండో రోజు సాయంత్రం నాలుగింటికి వాన మొదలైంది. గబగబా గుడారాలు వేసుకున్నాం. నువ్వు రాసినా, నీ చీటీ ఉందిగా అని ఆయన రెండో గుడారం నేనే తేనీయలేదు. నువ్వు చెప్పినట్లే ఎత్తు చూసుకుని, పట్టా అంచులు లోపలికి మడిచాను. గంట బాగానే ఉంది. తర్వాత నుదుటి మీద ఒక బొట్టు. ఆవిరేమో అనుకున్నాను. ఇంకో బొట్టు. తల ఎత్తి చూస్తే కుట్టు పొడవునా వరసగా, లెక్కపెట్టి వదిలినట్లు నీళ్లు దిగుతున్నాయి. ఒక చోట కాదు, ప్రతి కుట్టులోంచీ. అరగంటలో పక్క తడిసిపోయింది, అడుగున మూడు వేళ్ల లోతు నీళ్లు నిలిచాయి. తడిసిన పక్క నుంచి కుళ్లిన గోనెసంచి కంపు. నా దుస్తులు, నా తువ్వాళ్లు, ఆ పన్నెండు జతల తొడుగులు ఆ మురికిలో తేలుతున్నాయి. బూటులో చేయి పెడితే మెత్తగా ఏదో తగిలింది. అంతే, మోకాళ్ల మీద కూర్చుని అక్కడే వాంతి చేసుకున్నాను. నా గుడారంలోనే, నా నీళ్లలోనే.

ఆయన వచ్చాడు. వానలో నిలబడి, "మీరు నా దాంట్లోకి వెళ్లండి, నేను ఇందులో ఉంటాను" అన్నాడు. "ఇందులోనా? ఇందులో నేను..." అన్నాను. "చూశాను. వెళ్లండి, చలి పడుతుంది" అన్నాడు. నేను పొడిగా పడుకున్నాను. ఆయన నా వాంతి నీళ్లలో కూర్చుని, తెల్లారేదాకా టీ కప్పుతో తోడి బయట పోస్తూనే ఉన్నాడు. పొద్దున చూస్తే చేతులు తెల్లగా పాలిపోయి, ముడతలు పడి ఉన్నాయి. ఆ చేతులు పట్టుకున్నాను. పట్టుకుని చాలాసేపు వదల్లేదు. తర్వాత టీ తాగేటప్పుడు గుర్తొచ్చింది, చేతులు కడుక్కోలేదని.

కొండా, బురదా, నత్తలూ, ఆ గుంటా, వాటిమీద నా అసహ్యం అణువంత కూడా తగ్గలేదు. ఇంకోసారి రమ్మంటే రానని ఆయనకు చెప్పేశాను. "గీతలు వేయడానికి నేను వెళ్తాను, మీరు ఇంట్లో ఉండండి" అన్నాడు. అంత సులువైన మాట నాకెందుకు తోచలేదో!

ఒప్పుకున్నాను వదినా. జులైలో రిజిస్టరు ఆఫీసులో. అమ్మ పెట్టె సర్దమంటోంది.

నీ మరదలు

*

ఫ్యాక్టరీ కాలనీ
మే 21

అమ్మాయ్,

నీ ఉత్తరం చదివి మనసంతా ఎలాగో అయిపోయింది. అంత కష్టపడ్డావా?

పెద్దదాన్ని కనుక ఒక మాట చెప్తాను. తొందరపడకు. ఒక పూట టీ కప్పుతో నీళ్లు తోడినంత మాత్రాన జన్మంతా గడుస్తుందా? ఆయన రోజూ ఆ బురదతోనే ఇంటికి వస్తాడు. ఆ బూట్లు నీ గుమ్మంలోనే విప్పుతాడు. నువ్వు శుభ్రంగా పెరిగిన మనిషివి, నీ అలవాట్లు నీకు తెలుసు. ఆర్నెల్లు ఆగితే పోయేదేముంది?

గుడారం అన్నావు. చవక సరుకు కదా, ఒక్కోటి అలా వస్తుంది. దాన్ని పారేయి. ఇంట్లో పెట్టుకోకు, బూజు పడుతుంది.

వదిన

*

ఆసుపత్రి క్వార్టర్లు
జూన్ 2

వదినా,

నువ్వన్నదే నిజమైంది. ఆయన్ని పొమ్మన్నాను.

గుడారం పారేద్దామంటే ఆయన వినలేదు. "ఆరబెడితే బాగుపడుతుందేమో చూస్తాను" అని తన ఇంటికి పట్టుకెళ్లాడు. మొన్న ఆదివారం తిరిగి తెచ్చాడు. ఉతికి, ఆరబెట్టి, చక్కగా మడత పెట్టాడు. టీ ఇచ్చాను. తాగలేదు. గుడారం విప్పి, లోపలివైపు తిప్పి, నా వేలు పట్టుకుని కుట్టు మీద రాశాడు.

"ఏమైనా తగులుతోందా?" అన్నాడు.

"లేదు."

"పట్టీ ఉంటే గట్టిగా, నున్నగా తగలాలి. ఒక చోట ఊడిందంటే పొరపాటు అనుకోవచ్చు. దీనికి అసలు ఎక్కడా వేయలేదు. చూసేవాళ్లు కళ్లు మూసుకున్నా వేలికి తెలుస్తుంది. ఇంకోటి చూడండి. ఈ నంబరు చీటీ చేత్తో కుట్టారు. మిగతా కుట్లన్నీ యంత్రానివి, దారం కూడా వేరు."

"అయితే?" అన్నాను.

"నాకు తెలియదు. మీ వదినగారిని ఒకసారి అడగండి" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. పద్దెనిమిదేళ్లుగా నాకు నువ్వు తెలుసు. నాకు టైఫాయిడ్ వస్తే పక్కన కూర్చున్నది నువ్వు. ఈ ఉద్యోగానికి దరఖాస్తు నింపింది నువ్వు. నిన్నగాక మొన్న వచ్చిన మనిషి, నా ఇంట్లో నా కుర్చీలో కూర్చుని నీ చీటీని వేలితో గోకి చూపిస్తాడా! "మా వదిన సంతకం మీద వేలు పెట్టినవాడు రేపు నా మాటను కూడా గోకి చూస్తాడు. బురద మీ బూట్లకే ఉందనుకున్నాను" అన్నాను. ఇంకా ఏమేమో అన్నాను. అమ్మ మంచం మీద నుంచి "ఊరుకోవే" అంటున్నా ఆగలేదు. ఆయన గుడారం మళ్లీ మడిచి పెట్టాడు. "నేను ఆవిణ్ణి ఏమీ అనలేదండీ" అని, వెళ్లిపోయాడు. మళ్లీ ఫోన్ కూడా చేయలేదు.

ఆ తర్వాత కూర్చుని ఆలోచిస్తే నాకు అర్థమైంది. ఎవడో నీ నంబరు దొంగిలించి చెత్త సరుకు మీద కుట్టి బయటికి పంపుతున్నాడు. ఆ ముక్కు గెలుక్కునేవాడే అయి ఉంటాడు. ఎంత నీచం! ఎవరో వాన్లో తడిసి చస్తే నిన్ను పట్టుకుంటారు. మీ మేనేజరుకు ఉత్తరం రాశాను. చీటీ ఫొటో, దారం ఫొటో జతచేశాను. నీతో ఒక మాట చెప్పి పంపుదామని ఆగాను. పన్నెండో తేదీన పోస్టు చేస్తాను.

పెళ్లి సంగతి ఇక ఎత్తకు. అమ్మ ఇక్కడే ఉంటుంది.

నీ మరదలు

*

ఫ్యాక్టరీ కాలనీ
జూన్ 7

అమ్మాయ్,

ఆ ఉత్తరం పంపకు. ఎవరూ నా నంబరు దొంగిలించలేదు. ఆ చీటీ నేనే కుట్టాను. మా వంటగది బల్ల దగ్గర, మీ అన్నయ్య నిద్ర లేవకముందు.

పట్టీ యంత్రం వేడెక్కని రోజుల్లో వచ్చిన గుడారాలను మేం పక్కన పడేస్తాం. స్కూటరు మీద కప్పుకోవడానికి కావాలంటే తీసుకోవచ్చు. ఆ కుప్పలోంచి ఒకటి తీశాను. కుట్లన్నీ వేలితో రాసి చూశాను, ఒక్కచోట కూడా పట్టీ లేనిదాన్నే ఎంచుకున్నాను. నీకు అసహ్యం ఎక్కువ. ఒక్క వాన పడితే బురదకు, తడికి అసహ్యించుకుని వెనక్కి వచ్చేస్తావనుకున్నాను. నువ్వు వెనక్కి వస్తే అత్తయ్యగారు నీ దగ్గరే ఉంటారు. అంతే. దీనికి వేరే కారణం లేదు.

నిరుడు నీకు శిక్షణ ఉందని అత్తయ్యగారిని ఇరవై రోజులు మా ఇంట్లో ఉంచావు. నీకు ఎవరూ చెప్పలేదు. ఆ ఇరవై రోజులూ నేను పొద్దున్నే వాంతి చేసుకున్నాను. ఆవిడ మంచం కింద మలమూత్రాల గిన్నె ఎత్తాలంటే ముక్కుకు గుడ్డ కట్టుకునేదాన్ని, గుడ్డకు సెంటు చల్లేదాన్ని. జిగురు కంపులో పదకొండేళ్లు పనిచేసినదాన్ని, ఒక ముసలిమనిషి ఒంటి వాసనను భరించలేకపోయాను. ఆవిడ పక్కన కూర్చుని నవ్వుతూ మాట్లాడేదాన్ని, లోపల మాత్రం ఎప్పుడు వెళ్తుందా అని రోజులు లెక్కపెట్టుకునేదాన్ని. నామీద నాకే రోత పుట్టింది. అందుకే నువ్వు "ఇష్టం లేకపోతే చెప్పు" అని అడిగితే చెప్పలేకపోయాను. కోడలు ఆ మాట ఎలా రాస్తుంది? గుడారం పంపడం దానికంటే సులువనిపించింది. చూడు, ఎంత నీచమైన మాటో.

మే నాలుగున నీకు చెబుదామనే కూర్చున్నాను. వాన వస్తే వెళ్లకని మాత్రం రాసి ఊరుకున్నాను.

నీ ఉత్తరం మేనేజరుకు చేరితే నా ఉద్యోగం పోతుంది. అందుకే ఇది రాస్తోందని నువ్వు అనుకోవచ్చు. సగం అందుకే. మిగతా సగం, నా కోసం నువ్వు ఆయన్ని గెంటేశావని చదివాక నాకు ముద్ద దిగలేదు.

ఆయన్ని వెనక్కి పిలువు. అత్తయ్యగారిని నేను తీసుకుంటాను. ఈసారి నిజంగానే అంటున్నాను.

వదిన

*

ఆసుపత్రి క్వార్టర్లు
జూన్ 21

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. చదివినప్పుడల్లా లేచి వెళ్లి చేతులు కడుక్కున్నాను.

మేనేజరుకు రాసింది చింపేశాను. నీ ఉద్యోగానికి ఏమీ కాదు, ఆ భయం పెట్టుకోకు. అన్నయ్యకు నేను చెప్పలేదు. చెప్పుకోవడం, మానుకోవడం నీ ఇష్టం.

వాసన భరించలేకపోయానని రాశావు. అది తప్పని ఎవరన్నారు? అమ్మకు తుంటి విరిగిన మొదటి నెల నేను స్నానాలగదిలో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో వాంతి చేసుకునేదాన్ని. క్రిములను చంపడమే ఉద్యోగమైనదాన్ని, నాకు కూడా పడలేదు. రెండో నెలకు అలవాటైంది. నన్ను అడిగి ఉంటే చెప్పేదాన్ని. ఇద్దరం కలిసి నవ్వుకునేవాళ్లం కూడా. "నా వల్ల కాదు" అని ఒక్క ముక్క రాసి ఉంటే ఆయాను పెట్టేవాళ్లం, ఇంకేదో చేసేవాళ్లం. ఒట్టు పెట్టి మరీ అడిగాను.

నాకు రోత పుట్టింది ఆ చీటీ చూసి. తెల్లవారుజామున లేచి, సూదిలో దారం ఎక్కించి, నా నమ్మకాన్ని ఆ మూలకు కుట్టావు. ఆ కుట్లు చాలా తిన్నగా ఉన్నాయి. అది తలుచుకుంటే ఆ వాంతి నీళ్లే నయమనిపిస్తోంది.

నీ ఉత్తరం పట్టుకుని ముప్ఫై మెట్లూ ఎక్కి ఆయన దగ్గరికి వెళ్లాను. ముఖం వేలాడేసుకుని నిలబడి, చదవమని ఇచ్చాను. చదివి, "ఇది రాయడానికి ఆవిడకు ధైర్యం కావాల్సి వచ్చి ఉంటుంది" అన్నాడు. ఆయనకు అంత పెద్ద మనసుంటే ఉండనీ. నాకు లేదు. క్షమించమని అడిగాను, నా తరఫున. నీ తరఫున అడగలేదు.

పెళ్లి జులై ఆరున. నువ్వు రావద్దు.

అమ్మ మాతోనే ఉంటుంది. మెట్ల కింద, రోడ్డు వారనే ఆయన రంగు డబ్బాలు పెట్టుకునే గది ఉంది. అది ఖాళీ చేస్తున్నాం. నేల గీకించి, గోడలకు రెండుసార్లు సున్నం వేయించాను. కిటికీ పెద్దది చేయించాలి. మేం కూడా కిందే పడుకుంటాం. నువ్వు తీసుకుంటానన్నావు, నిజంగానే అన్నావని ఒప్పుకుంటాను. అయినా మా అమ్మను నీ చేతుల్లో పెట్టను. నీకు కావాల్సింది కూడా ఇదే కదా, దక్కింది.

ఒక్కటే చిక్కు. అమ్మ నెల రోజులుగా పెట్టె సర్దుకుని కూర్చుంది, మీ ఇంటికే అనుకుని. రెండు శాలువలు, కళ్లజోడు, నీకోసం అల్లిన మేజోళ్లు అందులో పెట్టించింది. "అక్కడేం బాగుంటుందమ్మా నీకు" అని నిన్న అడిగాను. "కోడలికి వాసన పడదే పాపం, మొహానికి గుడ్డ కట్టుకుని మరీ చేసేది. తలుపు వెనక కక్కుకోవడం నాకు వినపడేది. కక్కుకుని మళ్లీ నవ్వుతూ వచ్చేది. ప్రేమ లేకపోతే అంత అసహ్యంలో ఎవరు చేస్తారు?" అంది.

మీ ఇంటికి ఎందుకు పంపడం లేదో ఆవిడకు నేను చెప్పలేను. నువ్వే రాయి. నాకు కాదు, అమ్మకు రాయి. ఆవిడకు కళ్లు సరిగా ఆనవు కదా, నేనే పక్కన కూర్చుని చదివి వినిపిస్తాను. నువ్వు ఏది రాస్తే అది, ఒక్క అక్షరం మార్చకుండా.